మహమ్మారి వచ్చినప్పుడు ఉద్యోగుల విషయంలో చట్టం తప్పకుండా నడుచుకోవడం ఎలా

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ తర్వాతి వారాల్లో ఎన్నో చోట్ల యజమానులు ఒకే పొరపాటు చేశారు. ఇది అత్యవసర పరిస్థితి కదా, పాత రూల్సు ఇప్పుడు ఎవరు చూస్తారులే అనుకున్నారు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి జీతాలు సగానికి తగ్గించారు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి మనుషుల్ని పనిలోంచి తీసేశారు.

మహమ్మారి వచ్చినంత మాత్రాన కార్మిక చట్టాలు ఆగిపోవు. అవి అలాగే ఉంటాయి, వాటి మీద కొత్త ఉత్తర్వులు వచ్చి చేరతాయి. అంటే యజమాని పాటించాల్సినవి ఇంకా పెరుగుతాయి. పదిమందితో నడిచే ఆఫీసైనా, వందల మంది ఉన్న ఫ్యాక్టరీ అయినా ఇదే లెక్క. ఒక్కో దేశంలో గడువులు, శాతాలు ఒక్కోలా ఉంటాయి కానీ, యజమాని వేసుకోవాల్సిన ప్రశ్నలు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఆ ప్రశ్నలను ఏ వరుసలో వేసుకోవాలో ఇక్కడ చెబుతాను. పెద్ద నిర్ణయాల ముందు మీ ప్రాంతపు లేబర్ లాయర్‌ను తప్పకుండా అడగండి.

ముందు ఒక ఫైలు తెరవండి

మిగతావన్నీ ఆ తర్వాతే. లేబర్ కోర్టు దాకా వెళ్లిన గొడవల్లో యజమానిని ఇరికించేది చాలాసార్లు ఒకే ప్రశ్న: ఈ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, ఎవరితో మాట్లాడారు? ఏడాది తర్వాత ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. కాగితం ఉంటే అదే మాట్లాడుతుంది.

ఆ ఫైల్లో మూడు రకాల కాగితాలు ఉండాలి. మొదటిది, ప్రభుత్వం ఇచ్చిన ప్రతి ఉత్తర్వు కాపీ. దాని పైన అది ఎప్పుడు అమల్లోకి వచ్చిందో, ఎప్పుడు ముగిసిందో మీ చేత్తో రాసి పెట్టండి. ఇది చాదస్తం అనిపించొచ్చు, కాదు. భారతదేశంలో 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ, లాక్‌డౌన్ కాలానికి జీతాలు కోత లేకుండా చెల్లించాలని ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి అది అమల్లో లేదు. అంటే మే 10వ తేదీ జీతానికి ఒక నియమం, మే 25వ తేదీ జీతానికి మరో నియమం. తేదీలు రాసి పెట్టుకోని యజమాని ఏ రోజుకు ఏది వర్తిస్తుందో ఎలా చెప్పగలడు?

రెండోది, మీ ఉద్యోగులతో చేసుకున్న ఒప్పందాలు: అపాయింట్‌మెంట్ లెటర్లు, సర్వీస్ రూల్స్, యూనియన్ ఉంటే దానితో కుదిరిన ఒప్పందం. వీటిని ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చదవండి. లేఆఫ్ (పని లేనప్పుడు ఉద్యోగంలోంచి తీసేయకుండా కొన్నాళ్లు ఇంట్లో ఉంచడం) ఇవ్వడానికి మీకు హక్కు ఉందా, పని చేసే చోటు మార్చొచ్చా, సెలవు మీరే నిర్ణయించొచ్చా, జీతంలో ఏ భాగం స్థిరం, ఏ భాగం పనిని బట్టి వచ్చేది అన్నవి చూసుకోండి. అందులో లేని హక్కు మహమ్మారి వచ్చింది కదా అని మీకు కొత్తగా పుట్టదు.

మూడోది, మీ నిర్ణయాల డైరీ. రోజుకు నాలుగు లైన్లు చాలు.

ఇదే సమయంలో మీ దగ్గర పనిచేసేవాళ్ల జాబితా కూడా తయారు చేసుకోండి. పర్మనెంట్, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు, నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లు, కాంట్రాక్టర్ ద్వారా వచ్చేవాళ్లు, ట్రైనీలు, గంటల లెక్కన పనిచేసేవాళ్లు. ఒక్కొక్కరి హక్కులు ఒక్కోలా ఉంటాయి. కాంట్రాక్టర్ మనుషులు మా మనుషులు కాదని వదిలేయకండి. మీ గేటు లోపల వాళ్ల ప్రాణానికి ఏమైనా అయితే చట్టం చాలాచోట్ల మిమ్మల్ని కూడా అడుగుతుంది.

పనిచోటు భద్రంగా ఉందని చూపించగలగాలి

మాస్కులు, శానిటైజర్ పెట్టేస్తే అయిపోయిందని చాలామంది అనుకుంటారు. చట్టం చూసేది అంతకంటే లోతు. మీరు ప్రమాదాన్ని ముందే అంచనా వేశారా, దాన్ని తగ్గించడానికి మీ చేతనైనదంతా చేశారా అని అడుగుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం మూలసూత్రం ఇదే. 2022 జూన్‌లో ఆ సంస్థ, సురక్షితమైన ఆరోగ్యకరమైన పనిచోటును పనిలో ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చింది.

ఆఫీసు మొత్తం ఒకసారి కాలినడకన తిరగండి. ఒంటరిగా వద్దు, ఉద్యోగుల తరఫున ఒకరిని వెంట తీసుకెళ్లండి. ఎక్కడ మనుషులు గుమిగూడుతున్నారు, ఏ గదిలో కిటికీ తెరుచుకోదు, షిఫ్ట్ మారేటప్పుడు గేటు దగ్గర ఎంతమంది ఉంటారు, భోజనానికి అందరూ ఒకే సమయంలో వెళ్తున్నారా, ఒకే పరికరాన్ని ఎన్ని చేతులు ముట్టుకుంటున్నాయి. చూసింది చూసినట్టు రాయండి. పక్కనే ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో రాయండి. రెండు వారాలకోసారి మళ్లీ తిరగండి. వెంట వచ్చిన ఉద్యోగి చేత కూడా సంతకం పెట్టించండి.

మాస్కులు, గ్లౌజులు, పరీక్షల ఖర్చు జీతంలోంచి పట్టుకోకండి. భద్రతా ఏర్పాట్ల ఖర్చు కార్మికుడి మీద పడకూడదని 155వ ఒప్పందం 21వ అధికరణం సూటిగా చెబుతుంది. చిన్న మొత్తమే కదా అని కోసే యజమానులను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ చిన్న కోత వల్ల పోయే నమ్మకాన్ని తర్వాత ఎంత పెట్టినా కొనలేం.

ఇక అసలు కష్టమైన సందర్భం. ఒక ఉద్యోగి వచ్చి, "నాకు భయంగా ఉంది సార్, నేను పనికి రాను" అంటాడు. అప్పుడు ఏం చేయాలి?

వెంటనే మెమో ఇవ్వకండి. ప్రాణానికి తీవ్రమైన ప్రమాదం దగ్గర్లో ఉందని సరైన కారణంతో నమ్మి పని నుంచి తప్పుకున్న కార్మికుణ్ని శిక్షించకూడదని అదే ఒప్పందం 13వ అధికరణం అంటుంది. చాలా దేశాల చట్టాల్లో ఈ మాట ఏదో ఒక రూపంలో ఉంది. ఇక్కడ కీలకం "సరైన కారణం" అన్న మాట. కాబట్టి కూర్చోబెట్టి అడగండి. దేనికి భయం? పనిచోటు గురించా, వచ్చే దారి గురించా, ఇంట్లో పెద్దవాళ్ల గురించా? ఏం మారిస్తే రాగలడు? షిఫ్ట్ మార్చగలరా, జనం తక్కువున్న చోట పని ఇవ్వగలరా, కొన్నాళ్లు ఇంటినుంచి చేయించగలరా చూడండి. మీరు ఇవ్వగలిగింది రాతలో ఇవ్వండి. అతని జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

ప్రమాద అంచనా ముందే రాసి పెట్టుకుంటే ఏం లాభమో యూకేలో ఒక కేసు చూపించింది. లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, ఇంట్లో అనారోగ్యంతో ఉన్న పిల్లాడి గురించి భయపడి పనికి రానన్న ఒక ఉద్యోగిని ఒక సంస్థ తీసేసింది. 2022 డిసెంబర్‌లో అప్పీలు కోర్టు యజమాని వైపే నిలిచింది. పనిచోటు విశాలంగా ఉంది, మనుషులు కొద్దిమందే, ప్రమాద అంచనా చేయించి ఉంది, జాగ్రత్తలు అమల్లో ఉన్నాయి. ఆ చోట తీవ్ర ప్రమాదం ఉందనుకోవడానికి సరైన ఆధారం కనిపించలేదు. అదే అంచనా కాగితం లేకపోయి ఉంటే ఆ యజమాని ఏం చూపించేవాడో ఆలోచించండి. అయితే ఈ తీర్పును, భయపడ్డవాళ్లను తీసేయడానికి దొరికిన అనుమతిగా చదవకండి. భయానికి సరైన కారణం ఉంటే ఫలితం తిరగబడొచ్చు.

జీతం: ఎవరికి ఎంత, ఏ లెక్కన

గొడవలు ఎక్కువ వచ్చేది ఇక్కడే. కారణం ఏమిటంటే, పనికి రాని అందరినీ యజమాని ఒకే గాటన కడతాడు. రాకపోవడం ఒకటే కావచ్చు, చట్టం మాత్రం కారణాన్ని చూస్తుంది.

ఉద్యోగికి జబ్బు చేసి రాకపోతే అది సిక్ లీవు. జబ్బు లేదు గానీ అధికారులు క్వారంటైన్‌లో పెట్టారంటే, దానికి సిక్ లీవు వర్తిస్తుందా లేదా అన్నది స్థానిక ఉత్తర్వులో వెతకాలి. ఆరోగ్యంగానే ఉన్న మనిషిని మీరే ముందు జాగ్రత్తగా ఇంటికి పంపితే, అతను పనికి సిద్ధంగా ఉన్నాడు, వద్దన్నది మీరు. చాలాచోట్ల పూర్తి జీతం ఇవ్వాల్సి వస్తుంది. ప్రభుత్వమే మీ సంస్థను మూయిస్తే లేఆఫ్ నియమాలు, ప్రభుత్వ సాయం పథకాలు చూడాలి. ఆర్డర్లు లేక మీరే మూస్తే అది మీ వ్యాపార నష్టం, దాని భారం ఉద్యోగి మీదకు నెట్టే ముందు చట్టం చాలా ప్రశ్నలు వేస్తుంది. స్కూళ్లు మూసేసి పిల్లల్ని చూసుకోవాల్సి వచ్చిన తల్లిదండ్రులు ఇంకో వర్గం. హాజరు పట్టికలో అందరికీ "ఆబ్సెంట్" అని రాసేయకుండా, ప్రతి పేరు పక్కన కారణం రాయించండి. సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది.

ప్రభుత్వ సాయం ఏమైనా ఉందేమో మొదటి వారంలోనే కనుక్కోండి. యూకేలో పని లేక ఇంట్లో ఉన్న ఉద్యోగుల జీతంలో 80 శాతం వరకు, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వం భరించే పథకం 2020 మార్చిలో మొదలై 2021 సెప్టెంబర్ 30 దాకా నడిచింది. అమెరికాలో 500 మంది కంటే తక్కువ ఉన్న యజమానులు కోవిడ్ కారణాలకు రెండు వారాల వరకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని ఒక చట్టం తెచ్చారు, ఆ ఖర్చును యజమాని కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా తిరిగి ఇచ్చారు. ఆ నిబంధన 2020 డిసెంబర్ 31తో ముగిసింది. ఇలాంటి పథకాలన్నీ షరతులతోనే వస్తాయి. సాయం తీసుకుంటూ ఆ మనిషి చేత రహస్యంగా పని చేయించుకుంటే అది మోసం అవుతుంది.

ఇవన్నీ చూశాక కూడా జీతాలు తగ్గించక తప్పదనుకోండి. అప్పుడు అడగాలి, ప్రకటించకూడదు. ఒప్పందంలో ఉన్న జీతాన్ని ఒక్కరే మార్చలేరు. మౌనాన్ని అంగీకారం అనుకోవడం అన్నిటికంటే ప్రమాదం. లెటర్ ఇలా రాయొచ్చు:

"మార్చి నుంచి మన ఆర్డర్లు సగానికి పడిపోయాయి. లెక్కలు ఈ లెటర్‌తో జతచేస్తున్నాం. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు మీ నెల జీతంలో 20 శాతం తగ్గించడానికి మీ సమ్మతి అడుగుతున్నాం. జూలై 1 నుంచి పాత జీతమే ఇస్తాం. ఈ మధ్యలో ఎవరైనా మానేసినా, తీసేయాల్సి వచ్చినా వాళ్లకు రావాల్సినవన్నీ పాత జీతం మీదే లెక్కిస్తాం. డైరెక్టర్ల జీతం ఇదే కాలానికి 40 శాతం తగ్గింది. మీరు ఆలోచించుకోవడానికి 5 రోజుల సమయం ఉంది. ఒప్పుకోకపోయినంత మాత్రాన మీ మీద ఎలాంటి చర్యా ఉండదు."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. ముగింపు తేదీ లేని కోత శాశ్వత కోతే. కారణం చూపని కోతను ఎవరూ నమ్మరు. పైవాళ్లు తగ్గించుకోకుండా కిందవాళ్లను అడిగితే సంతకం రాదు, వచ్చినా మనసుతో రాదు. ఇంకో విషయం, ఉద్యోగి ఒప్పుకున్నా సరే కనీస వేతనం కంటే కిందికి దిగకూడదు. ఆ హక్కును ఉద్యోగి తనంతట తాను కూడా వదులుకోలేడు. పని జరిగిపోయిన రోజుల జీతంలో వెనక తేదీతో కోత పెట్టకూడదు.

భారత సుప్రీంకోర్టు 2020 జూన్ 12న, జీతాలు కోయొద్దన్న ఆ మార్చి 29 ఉత్తర్వు మీద ఇచ్చిన మధ్యంతర ఆదేశంలో చెప్పింది కూడా ఇదే దారి. యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దంటూనే, ఉద్యోగులతో కూర్చుని మాట్లాడి పరిష్కరించుకోమంది. చట్టం ఎటూ తేల్చని చోట మాట్లాడుకోవడమే మిగులుతుంది. అది ఎలాగూ తప్పదు కాబట్టి మొదటి రోజే మొదలుపెట్టండి.

పని గంటలు

కొన్ని సంస్థల్లో పని ఆగిపోతుంది, కొన్నిటిలో రెట్టింపవుతుంది. మందులు, సరుకులు, రవాణా రంగాల్లో ఉన్నవాళ్లకు రెండోదే ఎదురవుతుంది. సగం మంది సెలవులో ఉన్నారని మిగతా సగం చేత 12 గంటలు చేయించే ముందు ఆగండి. గుజరాత్ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీల పని గంటలు పెంచుకోవడానికి, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వకుండా ఉండడానికి వీలిచ్చింది. సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న ఆ నోటిఫికేషన్లను కొట్టేసింది, అప్పటిదాకా చేసిన పనికి ఓవర్‌టైమ్ కట్టమంది. కోవిడ్ కష్టం ఎంత పెద్దదైనా, చట్టం చెప్పిన అర్థంలో దేశ భద్రతకే ముప్పు తెచ్చే అత్యవసర పరిస్థితి కాదని తేల్చింది. ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపే నిలవలేదు. కాబట్టి మినహాయింపు ఉన్నా గంటలు రాసి పెట్టండి, ఓవర్‌టైమ్ డబ్బు పక్కన పెట్టండి.

ఇంటినుంచి పనిచేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇల్లే ఆఫీసు అయిందని రాత్రి పదకొండుకు కాల్ చేసే హక్కు రాదు. పోర్చుగల్‌లో 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, డ్యూటీ సమయం అయ్యాక ఉద్యోగిని సంప్రదించకుండా ఉండే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. ఇంటిపని వల్ల అదనంగా అయ్యే ఖర్చులు కూడా అతన్నే భరించమంది. మీ దగ్గర అలాంటి చట్టం లేకపోయినా కంప్యూటర్ ఎవరిది, ఇంటర్నెట్ బిల్లు ఎవరు కడతారు, డ్యూటీ ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయండి.

ఆరోగ్య సమాచారం గుప్పిట్లో ఉంచండి

ఎవరికి పాజిటివ్ వచ్చిందో ఆఫీసు గ్రూపులో పేరు పెట్టి పోస్ట్ చేయడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు. అది మాత్రం చేయకండి. "మూడో అంతస్తులో సోమ, మంగళవారాల్లో పనిచేసిన ఒకరికి పాజిటివ్ వచ్చింది, దగ్గరగా ఉన్నవాళ్లకు విడిగా ఫోన్ చేస్తున్నాం" అంటే చాలు. పేరు ఆరోగ్య శాఖకు చెప్పాల్సి వస్తే వాళ్లకు మాత్రమే చెప్పండి.

అవసరమైనంతే అడగండి. లక్షణాలున్నాయా, పరీక్ష ఫలితం ఏమిటి, ఎప్పటినుంచి రావొచ్చు అన్నవి సరిపోతాయి. పాత జబ్బులు, ఇంట్లోవాళ్ల రిపోర్టులు మీకు అవసరం లేదు. అమెరికాలో సమాన ఉద్యోగావకాశాల కమిషన్ 2020లో ఉద్యోగుల జ్వరం చూడడానికి ఒప్పుకుంది. అదే కమిషన్, యాంటీబాడీ పరీక్ష (ఇంతకుముందు వైరస్ సోకిందా అని రక్తంలో చూసేది) చేయించుకుంటేనే పనికి రానిస్తామని షరతు పెట్టొద్దని జూన్‌లో చెప్పింది. ఆరోగ్య కాగితాలను మామూలు సర్వీస్ ఫైల్లో కాకుండా విడిగా, గోప్యంగా ఉంచాలన్నది అక్కడి నియమం. యూరప్ డేటా చట్టం ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా చూస్తుంది. 2020 అక్టోబర్‌లో జర్మనీలోని హాంబర్గ్ డేటా రక్షణ అధికారి ఒక పెద్ద బట్టల సంస్థకు 3.53 కోట్ల యూరోల జరిమానా వేశారు. సెలవు నుంచి తిరిగొచ్చిన ఉద్యోగులను కబుర్లలో పెట్టి, వాళ్ల జబ్బు లక్షణాలను, ఇంటి విషయాలను మేనేజర్లు రాసి పెట్టుకున్నారన్నది ఆరోపణల్లో ఒకటి. ఆ నోట్సు మహమ్మారి ముందు కాలానివి. మహమ్మారిలో ఇలాంటి సంభాషణలు రోజూ జరుగుతాయి కాబట్టి అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మంచి మనసుతో చేసే వివక్ష ఒకటుంది. "మీరు పెద్దవారు, ఇంట్లోనే ఉండండి", "గర్భిణివి కదా, నిన్ను షిఫ్ట్ నుంచి తీసేశాం" అంటారు. కాపాడాలనే అన్నా, వాళ్లను అడక్కుండా పని, జీతం తీసేస్తే అది వివక్షే. ముందు ఆ మనిషిని అడగండి. నిర్ణయం వాళ్లది, ఏర్పాట్లు మీవి.

వ్యాక్సిన్ తప్పనిసరి చేయొచ్చా

దేశాన్ని బట్టి, రంగాన్ని బట్టి జవాబు మారుతుంది. 2022 జనవరి 13న అమెరికా సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు రకాలుగా చెప్పింది. 100 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థలన్నిట్లో టీకా లేదా పరీక్ష ఉండాలన్న నియమాన్ని ఆపేసింది, ఆరోగ్య సిబ్బందికి పెట్టిన నియమాన్ని కొనసాగనిచ్చింది. భారత సుప్రీంకోర్టు 2022 మేలో, ఎవరికీ బలవంతంగా టీకా వేయలేరంది, అయినా ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చంది. మీరు చేయగలిగింది ఏమిటంటే, ఏ పనిలో ప్రమాదం నిజంగా ఎక్కువో చూసి, అక్కడికే నియమం పరిమితం చేయడం. వైద్య కారణాలున్నవాళ్లకు మినహాయింపు ఉంచండి. టీకాకు వెళ్లే రోజుకు, మర్నాడు జ్వరం వస్తే ఆ రోజుకు జీతం కోయకండి. బెదిరింపు కంటే దీనితోనే ఎక్కువమంది వెళ్తారు.

తీసేయక తప్పకపోతే

ముందు మిగతా దారులన్నీ చూశారని ఫైల్లో ఉండాలి: కొత్త నియామకాలు ఆపడం, ఓవర్‌టైమ్ ఆపడం, గంటలు తగ్గించడం, ఇష్టపడ్డవాళ్లకు సెలవు. తర్వాత ఆ సమయంలో తొలగింపుల మీద నిషేధమేమైనా ఉందేమో చూడండి. ఇటలీ 2020 మార్చి 17న తెచ్చిన డిక్రీతో వ్యాపార కారణాల తొలగింపులనే ఆపేసింది.

ఎవరిని తీయాలన్న కొలమానం పేర్లు చూడకముందే రాయండి. సెలవు ఎక్కువ తీసుకున్నారన్నది కొలమానం చేస్తే, జబ్బు పడ్డవాళ్లే జాబితాలో మిగులుతారు. జబ్బు వల్ల తాత్కాలికంగా రాకపోవడం తొలగింపుకు సరైన కారణం కాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 158వ ఒప్పందం చెబుతుంది. భద్రత గురించి ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు జాబితాలో ఎక్కువ కనిపిస్తే, కోర్టుకు వేరే రుజువు అక్కర్లేదు.

నోటీసు గడువు విషయంలో మహమ్మారిని సాకుగా వాడేముందు చదవండి. అమెరికాలో 100 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న యజమాని పెద్ద ఎత్తున తొలగింపులకు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఊహించలేని పరిస్థితి వస్తే ఆ గడువు తగ్గించుకోవచ్చు. అప్పుడు కూడా వీలైనంత ముందు నోటీసు ఇవ్వాలి, ఎందుకు తగ్గించారో అందులోనే రాయాలి. యూకేలో 90 రోజుల్లోపు 20 మంది అంతకుమించి తీయాలంటే కనీసం 30 రోజుల ముందు, 100 మంది లేదా అంతకుమించి అయితే 45 రోజుల ముందు సంప్రదింపులు మొదలుపెట్టాలి.

చెప్పేటప్పుడు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి, వీడియో కాల్ అయినా సరే. సెటిల్‌మెంట్ లెక్క కాగితం అదే రోజు చేతిలో పెట్టండి. అనుభవ ధ్రువపత్రం అడిగించుకోకండి, మీరే ఇవ్వండి.

తిరిగి పిలిచేటప్పుడు

కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న చెప్పింది. మీ ఆఫీసులో తాత్కాలికంగా పెట్టినవి దానంతట అవే ముగియవు. జీతం కోత ముగిసిన తేదీకి పాత జీతం వేశారా, ఇంటినుంచి పని ఎప్పటివరకో రాసి ఇచ్చారా, జ్వరం రికార్డులు చెరిపేశారా అని ఫైలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చూడండి. లేఆఫ్‌లో ఉన్నవాళ్లను ఏ వరుసలో పిలుస్తారో ముందే ప్రకటించండి. మేనేజర్ ఇష్టానికి వదిలేస్తే అక్కడ మళ్లీ గొడవ.

ఉద్యోగి చనిపోతే

ఇది రాయకుండా ఈ గైడ్ ముగించలేను. ఇన్ఫెక్షన్ పని వల్ల వచ్చిందా అన్నది వెంటనే ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే వృత్తి వ్యాధుల పరిహారానికి రిపోర్ట్ చేసే గడువులు ఉంటాయి. ఆ చివరి రెండు వారాల షిఫ్ట్ రికార్డు, దగ్గరగా పనిచేసినవాళ్ల వివరాలు భద్రపరచండి. అవి కుటుంబానికి వ్యతిరేకంగా పోతాయేమో, మనకు వ్యతిరేకంగా పోతాయేమో అని చూడకండి, ఉన్నది ఉన్నట్టు ఉంచండి.

ఆ ఇంటితో మాట్లాడడానికి ఒక్క మనిషినే పెట్టండి. అకౌంట్స్ నుంచి ఒకరు, హెచ్ఆర్ నుంచి ఒకరు, సెక్యూరిటీ నుంచి ఒకరు ఫోన్ చేయొద్దు. మొదటి ఫోన్‌లో ల్యాప్‌టాప్, ఐడీ కార్డు అడగొద్దు. రావాల్సిన జీతం, వాడుకోని సెలవుల డబ్బు, బీమా, నామినీ వివరాలు అన్నీ ఒక కాగితం మీద వాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాయండి. ఏ ఫారం ఎక్కడ సంతకం పెట్టాలో మీరే నింపి పంపండి. చనిపోయిన మనిషి మెయిల్ అకౌంట్ మూసేముందు, అందులో కుటుంబానికి సంబంధించిన ఫొటోలో కాగితాలో ఉన్నాయేమో అడిగి, ఉంటే ఇచ్చి, ఆ తర్వాతే మూయండి.